జీతమిచ్చి కూర్చోబెట్టారు

ఫిబ్రవరి 4

అక్కా,

ఇది కోపంతో రాస్తున్న ఉత్తరం. బావగారికి చదివి వినిపించేటప్పుడు ఘాటు మాటలు మింగేసి చదువు. ఫోన్ చేయొచ్చు కదా అంటావేమో. ఫోన్లో నేను ‘ఊ’, ‘సరే’ తప్ప నోరు విప్పనని తిట్టేది నువ్వే. పైగా మీ ఆస్పత్రి లాండ్రీలో ఆ యంత్రాల మోతకు నీ మాటల్లో సగం నా దాకా రావు. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

ఈ రోజు మా మేనేజరు నన్ను తన గదిలోకి పిలిచాడు. నాలుగేళ్లుగా తాత్కాలిక ఉద్యోగిగానే ఉన్నాను కదా, పర్మనెంటు సంగతి వేసవిలోగా తేలుస్తామన్నారు. ఆ కబురే అనుకుని చొక్కా సర్దుకుని మరీ వెళ్లాను. ఆయన ఒక కాగితం నా ముందుకు జరిపాడు. హెచ్చరిక. నేను చేసిన నేరం ఏమిటంటే, సాయంత్రం ఐదు దాటాక పని చేయడం.

నేను విరగ్గొట్టింది లేదు, ఎత్తుకుపోయింది లేదు. కాలు పోయినవాళ్లకు కాళ్లు తయారు చేస్తున్నాను. మోకాలి కింద మిగిలిన భాగం దూరడానికి ఒక తొడుగు ఉంటుంది. అది రవ్వంత బిగుతైతే పుండు పడుతుంది, రవ్వంత వదులైతే మనిషే పడిపోతాడు. ఇప్పుడు నా బల్ల మీద ఉన్నది ఒక తోటమాలి కాలు. ఆయన రోజంతా తడిమట్టిలో నిలబడాలి. గంట కొట్టారు కదా అని దాన్ని సగంలో వదిలేసి పోవడానికి నాకు మనసొప్పదు. అది తప్పట.

ఫిర్యాదు చేసింది ఎవరనుకున్నావు? నా పక్క బల్ల ఆవిడ. ఆవిడకు నేను గడియారం అని పేరు పెట్టుకున్నాను. ఐదు కాగానే చేతిలో అంచులు అరగదీసే ఆకురాయి ఎక్కడుంటే అక్కడే ఆగిపోతుంది. ఆవిడ దాపరికం లేకుండా మొహం మీదే చెప్పింది. “నువ్వు ఇద్దరి పని చేస్తే, ఇక్కడ ఒకరు చాలు అనుకుంటారు పైవాళ్లు. అప్పుడు పోయేది నేను” అంది. ఇక్కడ ఎక్కువ పని చేయడమంటే పక్కవాళ్ల నోటి దగ్గర కూడు లాక్కోవడమన్నమాట. నాకు ఒళ్లు మండిపోయింది.

ఐదున్నరకు శుభ్రం చేసే ఆవిడ వస్తుంది. నాలాగే ఆవిడదీ ఈ దేశం కాదు. ఆ వేళకు అంత పెద్ద భవనంలో మేమిద్దరమే ఉండేవాళ్లం. నేను టీ పెట్టుకుంటే రెండు కప్పులు పెట్టేవాణ్ని. ఆవిడ ఒక్కతే నన్ను వింతగా చూడదు. ఇక నుంచి ఆ టీ కూడా లేదు.

కోపం చల్లారని
తమ్ముడు


ఫిబ్రవరి 15

చిన్నోడా,

నీ ఉత్తరం బావకు ఘాటు మాటలు మింగకుండానే చదివాను. నావి ఇంకో రెండు కలిపాను కూడా.

పని చేసినందుకు హెచ్చరికా? నేనెక్కడా వినలేదు. అమ్మ పోయేనాటికి నువ్వు నిక్కర్లు వేసుకునేవాడివి. ఆస్పత్రి దుప్పట్లు పిండి నిన్ను చదివించాను. అప్పుడు పిండిన చేతులు ఇప్పుడు లాండ్రీలో ఇంతమంది ఆడవాళ్లకు పని చెబుతున్నాయంటే, నేనెన్నడూ గోడ మీద టైము చూడలేదు కాబట్టి. మా సూపరింటెండెంటు పొద్దుపోయేదాకా ఉన్నవాళ్లను అందరి ముందూ నిలబెట్టి చప్పట్లు కొట్టిస్తాడు. నాకు ఎన్నిసార్లు కొట్టించాడో లెక్క లేదు. నీ గడియారం మా దగ్గరికి వస్తే మొదటి వారమే గెంటేస్తారు.

అయినా ఊరికే కోప్పడి కూర్చునే మనిషిని కాను. మీ మేనేజరుకు ఉత్తరం రాశాను. నువ్వు నీ గురించి చెప్పుకోవు, సిగ్గు. చెప్పేవాళ్లు లేకపోతే ఎవరికి తెలుస్తుంది? ఎదురింటి టీచరమ్మ వాళ్ల భాషలో పెట్టింది. నేను చెబుతుంటే ఆవిడ రాస్తూ, ఇంత మంచి తమ్ముడా అని ఒకటే పొగడ్త.

అన్నీ వివరంగా రాయించాను. నూట రెండు జ్వరంలోనూ నువ్వు పని మానలేదని. కాళ్ల అచ్చులు ఇంటికి తెచ్చుకుని అన్నం తినే బల్ల మీద చెక్కుతావని. నాలుగేళ్లలో ఒక్కసారి కూడా ఇంటి మొహం చూడలేదని. బావకు ఆపరేషన్ అయినప్పుడు కూడా పని వదిలి రాలేదని. మంచి సంబంధం వస్తే, ఆ అమ్మాయితో మాట్లాడే తీరిక లేక వదులుకున్నావని. ఇలాంటి మనిషికి హెచ్చరిక ఇస్తే మీకే నష్టం అని చివర్లో గట్టిగా పెట్టించాను.

బావ మాత్రం, వాళ్ల గొడవలో మనం వేలు పెట్టడం ఎందుకన్నాడు. ఆయన మాట నేనెప్పుడు విన్నాను గనుక? ఉత్తరం పోస్టులో పడిపోయింది. పర్మనెంటు కాగితం రాగానే నాకు చెప్పు.

నీ వెనక నిలబడ్డ
అక్క


మార్చి 3

అక్కా,

ఎంత పని చేశావు. నిన్ను తిట్టాలో మెచ్చుకోవాలో తెలియడం లేదు. నీ ఉత్తరం నన్ను ముంచేసింది.

మేనేజరు దాన్ని నా ఎదుటే చదివాడు. ఒక్కో వాక్యం దగ్గర ఆగి, నేనేదో రోగం దాచుకున్నట్టు నా మొహంలోకి చూశాడు. జ్వరంలో పని చేయడం నిజమేనా అన్నాడు. అచ్చులు ఇంటికి తీసుకెళ్లడం ఇక్కడ నిషేధమని నాకు తెలియదా అన్నాడు. తెలుసు. అలా చేయడం లేదని సంతకం కూడా పెట్టాను. మీ బావగారి ఆపరేషన్‌కు వెళ్లకుండా మేమేమైనా ఆపామా అని అడిగాడు. చివరికి ఆయన కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నాడు. నీ పొగడ్త చదివి ఆయన ఏడ్చాడక్కా.

ఆరు వారాలు సెలవు. నేను అడగలేదు, వాళ్లే ఇచ్చారు. జీతం వస్తుంది, లోపలికి మాత్రం రానివ్వరు. తాళంచెవి తీసుకున్నారు. పర్మనెంటు మాట సెలవు అయ్యాక చూస్తారట. వారానికోసారి ఒక డాక్టరమ్మ దగ్గర కూర్చుని మాట్లాడాలి. మొన్న ఆవిడ, పని కాకుండా నీకు సంతోషం కలిగించేది ఏమిటి అని అడిగింది. చాలాసేపు ఆలోచించి, తొడుగు సరిగ్గా కుదిరినప్పుడు అన్నాను. ఆవిడ ఏదో రాసుకుంది. నా జబ్బు ఖాయం చేసుకుందనుకుంటాను.

నాకు పిచ్చి కోపంగా ఉంది. పనికిమాలినవాణ్ని ఇంట్లో కూర్చోబెడతారు గానీ పనిచేసేవాణ్ని కూర్చోబెట్టడం ఏమిటి? తోటమాలి కాలు సగంలో ఉంది. ఆయన మొహం గుర్తొస్తే అన్నం సహించడం లేదు. పొద్దున్నే లేస్తాను, బూట్లు వేసుకుంటాను, ఎక్కడికీ వెళ్లేది లేదని గుర్తొచ్చి విప్పేస్తాను.

ఒక మాట. ఎలాగూ ఖాళీయే కాబట్టి ఇంటికి వస్తాను. నాలుగేళ్లయింది నిన్ను చూసి. బావగారితో తీరిగ్గా కూర్చోవాలని ఉంది. రమ్మని ఒక్క ముక్క రాయి, వెంటనే బయలుదేరతాను.

ఏం చేయాలో తోచని
తమ్ముడు


మార్చి 13

చిన్నోడా,

రావద్దు.

కోప్పడకుండా మొత్తం చదువు. జీతం ఇచ్చి ఇంట్లో కూర్చోబెట్టేవాళ్లు ఎక్కడైనా ఉంటారా? అది మర్యాదగా గెంటడం. మెడ పట్టి తోస్తే నువ్వు గొడవ చేస్తావని, సెలవని పేరు పెట్టారు. నువ్వు ఇక్కడికి వచ్చి నా చేతి అన్నం తింటుంటే, అక్కడ నీ బల్ల దగ్గర ఇంకొకడు కూర్చుంటాడు. మా లాండ్రీలో ఇలాంటివి నేను చూడలేదా? ఇస్త్రీ చేసే ఆవిడ కాన్పుకు వెళ్లి తిరిగొచ్చేసరికి ఆవిడ చోటే లేదు.

ఇంకోటి కూడా ఉంది, దాచను. వారం మధ్యలో పగటిపూట ఇంట్లో కనిపించే మగవాణ్ని మన వీధిలో రెండే అడుగుతారు, జబ్బా, ఉద్యోగం పోయిందా అని. నేను ఎవరికీ సమాధానం చెప్పుకోలేను. నువ్వు పర్మనెంటు అయిపోయావని అందరికీ చెప్పేశాను కూడా.

నీ గడియారాన్ని రోజూ తిట్టుకుంటున్నాను. ఆవిడ ఐదింటికి బ్యాగు తగిలించుకుని పోగలుగుతోందంటే, ఐదున్నరకు ఇంకొక ఆడది చీపురు పట్టుకుని వస్తోంది కాబట్టి. ఆ చీపురు ఆవిడ ఎన్నింటికి ఇల్లు చేరుతుందో మీ మేనేజరు ఎప్పుడైనా అడిగాడా? ఆవిడకు డాక్టరమ్మను పెట్టారా? విశ్రాంతి గొప్పదని నీతులు చెప్పేవాళ్లను నాకు చూపించు, వాళ్ల వెనకాల తుడుస్తున్న మనిషిని నేను చూపిస్తాను. మేం పని చేస్తే పిచ్చి, వాళ్లు మానేస్తే నాగరికత.

అందుకని చెప్పేది విను. రోజూ వెళ్లి గేటు దగ్గర కనిపించు. నిన్ను మర్చిపోనివ్వకు. ఆ చీపురు ఆవిడ నీకు తెలిసిన మనిషే కదా, తలుపు తీయమను. ఎవరూ లేనప్పుడు వెళ్లి ఆ తోటమాలి కాలు పూర్తిచేసి బల్ల మీద పెట్టు. పూర్తయిన పని కళ్లెదుట ఉంటే ఎవరి నోరైనా మూతపడుతుంది.

రావద్దన్నానని మనసులో పెట్టుకోకు.

అక్క


ఏప్రిల్ 2

అక్కా,

రావద్దన్న మాట మనసులో పెట్టుకున్నాను. పెట్టుకోకుండా ఎలా ఉంటాను? కన్నవాళ్లు లేని నాకు ఇల్లంటే నువ్వే. ఆ ఇంటికి రావడానికి నాకు ఉద్యోగమే టిక్కెట్టు అన్న సంగతి ఇప్పుడే తెలిసింది. సరే, అది అలా ఉండనీ. అంతకంటే పెద్ద ఘోరం జరిగింది.

నువ్వు చెప్పినట్టే వెళ్లాను. శుభ్రం చేసే ఆవిడ ముందు ఒప్పుకోలేదు. నీకు సెలవిచ్చారు కదా, ఇంటికి పో నాయనా అంది. నేను తోటమాలి కాలి గురించి చెప్పాను. పుండు పడితే ఆయన పని పోతుందన్నాను. బతిమాలాను. ఆవిడ అటూ ఇటూ చూసి తన తాళంచెవితో తలుపు తీసింది.

నా బల్ల మీద ఆ కాలు లేదు. అలమారలో చూశాను, అచ్చుల గదిలో చూశాను. లేదు. చివరికి రిజిస్టరులో చూస్తే, కాలు ఎప్పుడో తయారైపోయింది. తోటమాలి వచ్చి తొడుక్కుని నడుచుకుంటూ వెళ్లిపోయాడు. పూర్తి చేసింది ఎవరో తెలుసా? గడియారం. ఐదు దాటకుండానే.

అప్పుడే వెనక్కి వచ్చేసి ఉంటే బాగుండేది. చేతులు ఊరుకోలేదు. ఎవరిదో ఒక పాదం కనిపిస్తే ఆకురాయి తీసుకుని అంచులు నున్నగా చేయడం మొదలుపెట్టాను. మర్చిపోయిన కోటు కోసం మేనేజరు తిరిగి వచ్చాడు.

నన్ను ఏమీ అనలేదు. భుజం మీద చేయి వేసి కుర్చీలో కూర్చోబెట్టాడు, మంచినీళ్లు ఇచ్చాడు. నీ జబ్బు ఇంత ముదిరిందని గుర్తించకపోవడం మా తప్పే అన్నాడు. ఆ తర్వాత శుభ్రం చేసే ఆవిడ వైపు తిరిగి చేయి చాపాడు. తాళంచెవి ఇమ్మన్నాడు. ఆవిడ తుడుపు కర్ర గోడకు ఆనించి, తాళంచెవి ఇచ్చి, తన సంచి తీసుకుని వెళ్లిపోయింది. నా వైపు కూడా చూడలేదు.

తప్పు నాదని మర్నాడు వెళ్లి చెప్పాను. ఆవిడ మా ఉద్యోగి కాదు, కాంట్రాక్టరు మనిషి, మాకు సంబంధం లేదన్నాడు మేనేజరు. ఎంత మెత్తగా చెప్పాడో. ఆవిడను వెతుక్కుంటూ వెళ్లాను. పొద్దున ఇంకో భవనంలో తుడుస్తుందట, అక్కడ కలిశాను. ఎన్నేళ్లుగానో రెండు చోట్లా చేస్తోంది. ఒక్కపూట సెలవు ఎరగదు. ఇప్పుడు సగం బతుకు పోయింది. నాకు పని ఎక్కువైతే దాన్ని జబ్బంటారు, నీళ్లిస్తారు, డాక్టరమ్మను పెడతారు. ఆవిడ నాకు రెట్టింపు చేస్తే దానికి ఇక్కడ పేరే లేదు. నాకు కడుపు రగిలిపోతోంది. వీళ్ల మీదా, నా మీదా.

పద్నాలుగో తేదీ సోమవారం పనిలోకి రమ్మన్నారు. పర్మనెంటు కాగితం సిద్ధంగా ఉందట, జరిగింది మర్చిపొమ్మన్నారు. వెళ్తాను. వెళ్లకపోతే ఏం చేస్తాను? నీ పరువూ నిలబడుతుంది.

తమ్ముడు


ఏప్రిల్ 8

ఒరేయ్,

త్వరగా చేరే టపాలో వేస్తున్నాను. సోమవారానికి ముందే నీ చేతికి అందాలి.

ముందు నిన్ను తిడతాను. చేతులు ఊరుకోలేదట. ఆ పాదం అంచులు నీకేం అడ్డమొచ్చాయిరా? నీ దురద తీర్చుకోవడానికి ఒక ఆడమనిషి అన్నం పోయింది. తలుపు తీయించమన్నది నేనే. నువ్వు మర్యాదకు ఆ మాట రాయలేదు గానీ నేను మర్చిపోలేదు. ఆవిడ తుడుపు కర్ర గోడకు ఆనించి వెళ్లిపోయిందని రాశావే, అక్కడ ఆగిపోయాను. పడేయలేదు, ఆనించింది. నేనైనా అంతే చేసేదాన్ని. దుప్పట్లు పిండే రోజుల్లో నన్ను పొమ్మని ఉంటే, బకెట్టు కడిగి బోర్లించి మరీ వెళ్లేదాన్ని.

ఇప్పుడు వాళ్లను తిడతాను. ఎవరిదిరా నాగరికత? పనివాడి కోసం కళ్లనీళ్లు పెట్టుకుంటారు, తుడిచేదాని మొహం కూడా చూడరు. వాళ్ల దయ అంతా జీతం రిజిస్టరులో పేరున్నవాళ్లకే. మా సూపరింటెండెంటు చప్పట్లు కొట్టిస్తాడని గొప్పగా రాశాను కదా. ఆ చప్పట్లూ అలాంటివే. కొట్టించినవాడు ఏనాడూ చీకటి పడేదాకా లేడు. ఈ సంగతి నాకు ఇన్నేళ్లకు నీ ఉత్తరం చదివాక తట్టింది, సిగ్గుగా ఉంది.

నిన్న మా దుప్పట్లు మడిచే అమ్మాయి నడుం నొప్పని వచ్చి అడిగింది. ఇంటికి పో, రెండు రోజులు రావద్దు అన్నాను. ఆ పిల్ల ఏడుపు మొదలుపెట్టింది. పనిలోంచి తీసేశాననుకుంది. అది సెలవే అని నమ్మించడానికి నా తలప్రాణం తోకకొచ్చింది. నేను ఎలాంటిదాన్నో అప్పుడు తెలిసింది.

నువ్వు సోమవారం లోపలికి వెళ్లకు. ఆ కాగితం మీద సంతకం పెట్టకు. ఆవిడ లేని చోట నువ్వు పర్మనెంటు అయి నాకు ఏం ఉద్ధరిస్తావు? బయట కూర్చో. వీధిలో అడిగినవాళ్లకు నేను చెప్పుకుంటాను, ఆ బాధ నీకొద్దు. ఉద్యోగం పోతే పోతుంది. నాకు ఇంకా చేతులున్నాయి.

అక్క


ఏప్రిల్ 19

అక్కా,

కూర్చున్నాను.

సోమవారం పొద్దున మెట్ల మీద కూర్చున్నాను. పని చేయకుండా కూర్చోవడం ఎంత కష్టమో నాకు ఆ రోజు తెలిసింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. వచ్చేవాళ్లందరూ నన్ను చూసి, పాపం ఇంకా నయం కాలేదనుకుని జాలిగా నవ్వుతూ లోపలికి పోయారు. మేనేజరు కూడా వచ్చి డాక్టరమ్మకు ఫోన్ చేయమంటావా అన్నాడు. శుభ్రం చేసే ఆవిడను తిరిగి తీసుకునేదాకా రానని చెప్పాను. ఆయనకు అర్థం కాలేదు. నేను మళ్లీ చెప్పాను.

మధ్యాహ్నం గడియారం బయటికి వచ్చి నా పక్కన కూర్చుంది. విషయమంతా అడిగింది. ఆవిడకు ఏమీ తెలియదు, ఆవిడ ఎప్పుడూ ఐదున్నర చూడలేదు కదా. అంతా విని, “నాలుగేళ్లలో నువ్వు చేసిన మొదటి మంచి పని ఇదే” అంది. తిరిగి లోపలికి వెళ్లలేదు. ఆవిడ సంచిని ఇంకొకరు తెచ్చి ఇచ్చారు. ఆ తెచ్చినావిడ కూడా కూర్చుంది.

మంగళవారానికి మెట్ల మీద చోటు చాలలేదు. నొప్పితో వచ్చినవాళ్లను మాత్రం ఇద్దరు వంతులవారీగా చూస్తున్నారు. ఆ ఏర్పాటు చేసింది గడియారమే. మిగతా పనంతా ఆగింది. వీళ్లకు పని ఆపడం చేతనవును అక్కా. దాన్ని నేను బద్ధకం అనుకున్నాను. అది కూడా నేర్చుకోవలసిన పనే, మా అందరిలో నాకే చేతకాదు.

గురువారం మేనేజరు నా ముందు నిలబడి, కాళ్లు పేరుకుపోతున్నాయి, జనం ఎదురు చూస్తున్నారు, నీకు పనంటే ప్రాణం కదా అన్నాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నాకింకా నయం కాలేదండీ అన్నాను.

నిన్న కబురు పంపారు. శుభ్రం చేసే ఆవిడను అదే కాంట్రాక్టరు కింద, అదే వేళకు మళ్లీ పెట్టుకుంటారట. నా కాగితం కూడా అలాగే ఉందట. గడియారం ఒప్పుకోవద్దంటోంది. ఆవిడను మాలాగే నేరుగా తీసుకోవాలి, పగటి వేళ ఇవ్వాలి, మాలాగే సెలవులుండాలి అంటోంది. అక్కడిదాకా లాగితే మొత్తానికి చెడుతుందేమో. శుభ్రం చేసే ఆవిడనే అడిగాను. నిన్ను నమ్మి ఒకసారి తలుపు తీశాను, ఈసారి నువ్వే చెప్పు అంది. ఎంతవరకు కూర్చోవాలో నాకు తెలియడం లేదు. నువ్వు చెప్పు.

తమ్ముడు


ఏప్రిల్ 25

నాయనా,

జవాబు మొన్నే ఫోన్లో అరిచి చెప్పాను. నువ్వు ‘ఊ’ అన్నావు. నీకు వినపడిందో, నా యంత్రాల మోత వినపడిందో తెలియదు. అందుకని రాసి పంపుతున్నాను.

గడియారం చెప్పినట్టు విను. ఆవిడను నేను తిట్టిన తిట్లన్నీ వెనక్కి తీసుకుంటున్నానని చెప్పు. ఎలా చెబుతావో నీ ఇష్టం.

అదే వేళకు, అదే కాంట్రాక్టరు కింద ఇచ్చేదాన్ని తిరిగి ఇవ్వడం అనరు. లాక్కున్నదాన్ని విసిరేయడం అంటారు. ఆ చీపురు ఆవిడ కూడా మీ గేటులోంచి పగటి వెలుతురులో ఇంటికి వెళ్లాలి. ఒంట్లో బాగాలేని రోజున నాకు ఈ పూట రావడం కుదరదని చెప్పి, మర్నాడు భయం లేకుండా రాగలగాలి. నేను చేసినన్నేళ్లలో ఒక్కసారి కూడా అనలేకపోయిన మాట అది. ఆవిడ చేత అనిపించు.

అది అయ్యాక ఇంటికి రా. ఏ వారమైనా సరే, ఏ పూటైనా సరే. నేనూ సెలవు పెడతాను. ఎలా పెట్టాలో మా దుప్పట్ల అమ్మాయి చూపిస్తానంది.

అంతదాకా వాళ్లు కాగితాలు చూపించినా, కాళ్లు పట్టుకున్నా, ఆ మెట్ల మీంచి లేవకు.

మీ అక్క